ఇల్లు ఎవరిది? సిమ్లా వైస్‌రీగల్ లాడ్జ్ చెప్పే చరిత్ర



చరిత్ర పాఠం అనగానే మనకు రాజులు, యుద్ధాలు, ఒప్పందాలు, తేదీలు గుర్తుకొస్తాయి. ఈ ప్రసంగంలో మనం ఒక ఇంటిని చదువుదాం. ఇంటిని చదవడం ఏమిటని మీకు అనిపించవచ్చు. పుస్తకానికి పుటలు ఉన్నట్టే ఇంటికి గోడలు, దూలాలు, మెట్లు, దస్తావేజులు ఉంటాయి. వాటిని ఓపికగా చూస్తే, ఆ ఇంటిని కట్టించినవారు చెప్పదలచుకున్న సంగతులూ తెలుస్తాయి, చెప్పకుండా వదిలేసిన సంగతులూ తెలుస్తాయి.

మనం ఎంచుకున్న ఇల్లు హిమాచల్ ప్రదేశ్ రాజధాని సిమ్లాలో ఉంది. దాని అసలు పేరు వైస్‌రీగల్ లాడ్జ్. తర్వాత రాష్ట్రపతి నివాస్ అయింది. 1965 నుంచి అక్కడ భారతీయ ఉన్నత అధ్యయన సంస్థ పనిచేస్తోంది. ఒకే ఇల్లు, మూడు పేర్లు. పేరు మారిన ప్రతిసారీ ఆ ఇంటి యజమానో, దాని పనో మారింది. కాబట్టి ఈ ప్రసంగంలో మనం ఒకే ఒక ప్రశ్న వేసుకుందాం: ఈ ఇల్లు ఎవరిది? చూడటానికి ఇది చిన్న ప్రశ్నే. జవాబు మాత్రం ఒక్క మాటలో దొరకదు.

విక్టోరియన్ ఇల్లు అంటే ఏమిటి?

ముందుగా ఒక పదాన్ని అర్థం చేసుకుందాం. బ్రిటన్‌ను విక్టోరియా రాణి 1837 నుంచి 1901 వరకు పాలించింది. ఆ కాలంలో, ఆ అభిరుచితో కట్టిన ఇళ్లను విక్టోరియన్ ఇళ్లు అంటారు. ఇది ఒకే శైలి పేరు కాదు, ఒక కాలం పేరు. పాత గోథిక్ చర్చీల పోలికలు, 16వ శతాబ్దపు ఇంగ్లిష్ జమీందారీ భవనాల పోలికలు, స్కాట్లండ్ కోటల బురుజులు, ఇలా ఎన్నో పాత రూపాలను ఆ కాలపు వాస్తుశిల్పులు తిరిగి వాడుకున్నారు. అయితే పాత రూపం లోపల కొత్త సౌకర్యాలు పెట్టారు. పారిశ్రామిక విప్లవం ఇచ్చిన ఇనుము, గాజు, ఆవిరి యంత్రం, చివరికి విద్యుత్తు కూడా ఆ ఇళ్లలోకి వచ్చాయి. పైకి పాతకాలపు ఠీవి, లోపల కొత్తకాలపు సదుపాయం: విక్టోరియన్ ఇంటి సాధారణ లక్షణం ఇదే.

మన దేశంలో ఇలాంటి ఇళ్లు కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లోనూ, కొండ పట్టణాల్లోనూ ఎక్కువగా కనిపిస్తాయి. వేసవి వేడిని తట్టుకోలేక బ్రిటిష్ వారు కొండలెక్కి అక్కడ తమ ఊళ్లలాంటి ఊళ్లను కట్టుకున్నారు. వాటన్నిటిలో అధికారానికి కేంద్రమైనది సిమ్లా.

నేల ఎవరిది?

ఏ ఇంటి చరిత్ర అయినా నేల నుంచి మొదలవుతుంది. 1814 నుంచి 1816 వరకు ఈస్టిండియా కంపెనీకీ, నేపాల్ గూర్ఖాలకూ యుద్ధం జరిగింది. ఆ యుద్ధం తర్వాత సిమ్లా చుట్టుపక్కల కొండ సంస్థానాలు కంపెనీ అదుపులోకి వచ్చాయి. 1822లో ఛార్లెస్ ప్రాట్ కెనడీ అనే అధికారి ఇక్కడ కెనడీ హౌస్ అనే ఇల్లు కట్టుకున్నాడు. 1827లో గవర్నర్ జనరల్ లార్డ్ ఆమ్‌హర్స్ట్ వచ్చి ఆ ఇంట్లోనే విడిది చేశాడు. అప్పటి నుంచి సిమ్లాకు పెద్దల రాక మొదలైంది.

అప్పటికి ఈ కొండలు కంపెనీ సొంతం కావు. కొన్ని గ్రామాలు కియోంథల్ రాణావి, కొన్ని పటియాలా మహారాజువి. 1830లో కంపెనీ వేరే చోట భూములు ఇచ్చి, ఈ గ్రామాలను మార్పిడిగా తీసుకుంది. కాగితం మీద ఇది పద్ధతిగా జరిగిన మార్పిడే. ఒక వైపు ఉన్నది యుద్ధం గెలిచిన శక్తి, మరో వైపు ఉన్నది దాని అండలో బతికే చిన్న సంస్థానం. ఇలాంటి బేరంలో ఇద్దరి బలమూ సమానంగా ఉండదన్న సంగతి మనం గుర్తుంచుకోవాలి.

ఇలా వచ్చిన కొండల్లో ఒకదాని పేరు అబ్జర్వేటరీ హిల్. 1840లలో బోయిలో అనే ఇంజనీరు అధికారి ఇక్కడ భూఅయస్కాంత పరిశీలనల కోసం ఒక వేధశాలను నడిపాడు. ఆ పేరే కొండకు నిలిచిపోయింది. ఈ కొండకు భౌగోళికంగా ఒక విశేషం ఉంది. ఒక వైపు పడిన వాన సట్లెజ్ నదిలో కలిసి అరేబియా సముద్రం దిక్కుగా వెళ్తుంది. మరో వైపు పడిన వాన యమునలో కలిసి బంగాళాఖాతం దిక్కుగా వెళ్తుంది. ఉపఖండపు నీళ్లు రెండుగా చీలే గట్టు మీద ఈ ఇల్లు లేచింది. దేశాన్ని రెండుగా చీల్చిన చర్చలు కూడా తర్వాత ఈ ఇంట్లోనే జరిగాయి. ఆ సంగతికి తర్వాత వద్దాం.

ఇల్లు చాలని వైస్రాయి

1864లో వైస్రాయి జాన్ లారెన్స్ కాలంలో సిమ్లా అధికారికంగా వేసవి రాజధాని అయింది. ఏటా ఎండలు ముదరగానే కలకత్తా నుంచి ప్రభుత్వం మొత్తం, అంటే దస్త్రాలు, గుమాస్తాలు, అధికారులు, వాళ్ల కుటుంబాలు, నౌకర్లు, కొండెక్కేవారు. చలికాలం రాగానే దిగేవారు. ఏడాదిలో సగానికి పైగా కాలం ఇంత పెద్ద దేశపు పరిపాలన ఆ కొండ మీద నుంచే సాగేది.

అయితే వైస్రాయికి అక్కడ తగిన ఇల్లు లేదు. 1860ల నుంచి వైస్రాయిలు పీటర్‌హాఫ్ అనే భవనంలో ఉండేవారు. అది విందులకూ, దర్బారులకూ సరిపోయేది కాదు. సంస్థానాధీశులు వచ్చే చోట, విదేశీ రాయబారులు వచ్చే చోట సామ్రాజ్యపు ప్రతినిధి ఇరుకింట్లో ఉండటం వాళ్లకు చిన్నతనంగా తోచింది. 1876 నుంచి 1880 వరకు వైస్రాయిగా ఉన్న లార్డ్ లిట్టన్ కాలంలోనే అబ్జర్వేటరీ హిల్‌ను కొత్త ఇంటికి తగిన స్థలంగా ఎంచుకున్నారు. పని మాత్రం 1884 చివర్లో లార్డ్ డఫెరిన్ వైస్రాయిగా వచ్చాకే ఊపందుకుంది.

కట్టించినవారు, కట్టినవారు

డఫెరిన్ ఐర్లండ్ ప్రభువు. అక్కడ క్లాండెబాయ్ అనే తన వంశగృహాన్ని గొప్ప కోటలా మార్చి కట్టాలని ఆయనకు కోరిక ఉండేది. నక్షాలు కూడా గీయించుకున్నాడు. ఖర్చు భరించలేక ఆ కోరిక నెరవేరలేదు. సొంత డబ్బుతో కట్టలేకపోయిన కోటను సిమ్లాలో భారత ఖజానా డబ్బుతో కట్టించే అవకాశం ఆయనకు వచ్చింది. పనిలో ఆయన ఎంతో శ్రద్ధ పెట్టాడు. సిమ్లాలో ఉన్న రోజుల్లో తరచుగా పని జరిగే చోటికి వెళ్లి చూసేవాడు, మార్పులు చెప్పేవాడు.

వాస్తుశిల్పి పేరు హెన్రీ ఇర్విన్. ఈయన ప్రజాపనుల శాఖ ఉద్యోగి. 1926 నుంచి 1931 వరకు వైస్రాయిగా ఉన్న లార్డ్ ఇర్విన్, ఈయన ఒకరు కారు. హెన్రీ ఇర్విన్ పనిని తెలుగువారిలో చాలామంది చూసే ఉంటారు. సిమ్లా తర్వాత ఆయన మద్రాసు వెళ్లాడు. అక్కడ 1892లో పూర్తయిన హైకోర్టు భవనం, ఎగ్మూరులోని విక్టోరియా మెమోరియల్ హాలు, తర్వాత 1912లో పూర్తయిన మైసూరు అంబావిలాస్ ప్యాలెస్ ఆయన ప్రతిభకు గుర్తులు.

కొండ శిఖరాన్ని తొలిచి చదును చేశారు. గోడలకు బూడిదరంగు ఇసుకరాయి, లేత నీలిరంగు సున్నపురాయి వాడారు. లోపలి పనికి బర్మా టేకు, దేవదారు, వాల్‌నట్ కలప తెచ్చారు. పెద్ద హాలులో మూడంతస్తుల ఎత్తున టేకు మెట్ల వరస, చెక్కిన గోడ పలకలు నేటికీ నిలిచి ఉన్నాయి. గృహాలంకరణ సామగ్రి లండన్‌లోని మేపుల్ కంపెనీ నుంచి వచ్చింది.

ఈ సామాను కొండ మీదికి ఎలా చేరింది? నేడు మనం బొమ్మ రైలు అని పిలిచే కాల్కా-సిమ్లా రైలు మార్గం 1903లో గానీ రాలేదు. కాల్కాకు కూడా రైలు 1891లోనే వచ్చింది. అంటే ఇల్లు కట్టే నాటికి మైదానం దాటాక రైలు లేదు. రాయి, కలప, ఇనుము, గాజు, యంత్రాలు అన్నీ ఎడ్లబండ్ల మీద, కంచరగాడిదల మీద, మనుషుల వీపుల మీద ఎక్కాయి. కొండ సంస్థానాల్లో అప్పట్లో బేగార్ అనే వెట్టిచాకిరి ఆచారం ఉండేది. అధికారి ప్రయాణం కట్టాడంటే రైతులు పొలం పని మానుకుని సామాను మోయాల్సి వచ్చేది. ఈ ఆచారం మీద 1920, 1921లలో కోట్‌గఢ్‌లో పెద్ద ఉద్యమం నడిచింది. సిమ్లా కొండల్లో స్థిరపడిన అమెరికన్ శామ్యూల్ ఇవాన్స్ స్టోక్స్ దానికి నాయకత్వం వహించాడు.

కలప సంగతి కూడా చూడండి. డఫెరిన్ హయాంలోనే మూడో బర్మా యుద్ధం జరిగింది. 1886 జనవరి 1న ఎగువ బర్మాను బ్రిటిష్ ఇండియాలో కలిపేశారు. బర్మా టేకు వ్యాపారం ఆ యుద్ధానికి దారితీసిన తగాదాల్లో ఒకటి. ఆ రోజుల్లో రంగూను రేవులోనూ, బియ్యం మిల్లుల్లోనూ, కలప మిల్లుల్లోనూ మన గోదావరి, విశాఖ తీరాల నుంచి వెళ్లిన తెలుగు కూలీలు పెద్ద సంఖ్యలో పనిచేసేవారు. అక్కడివారు వాళ్లను కోరంగీలు అనేవారు. సిమ్లా మెట్ల చరిత్ర చెప్పాలంటే ఆ అడవులనూ, ఆ యుద్ధాన్నీ, ఆ రేవునూ కలిపి చెప్పుకోవాలి.

రూపం ఏం చెబుతోంది?

ఈ భవనం 16వ శతాబ్దపు ఇంగ్లండులో ఎలిజబెత్ రాణి కాలపు ప్రభువుల ఇళ్లను గుర్తుకు తెస్తుంది. స్కాట్లండ్ కోటల ఛాయ కూడా కనిపిస్తుంది. ఎత్తైన బురుజు, రాతి వరండాలు, వెడల్పైన కిటికీలు, విశాలమైన పచ్చిక. భారతీయమైన గుమ్మటం గానీ, ఛత్రి గానీ, మన పద్ధతి తోరణం గానీ పైకి ప్రధానంగా కనిపించవు.

ఇదే ఇర్విన్ మద్రాసులో, మైసూరులో ఏం చేశాడో పోల్చి చూడండి. అక్కడ గుమ్మటాలు, మినార్లు, నగిషీలు ఉన్న ఇండో-సారసెనిక్ శైలి వాడాడు. ఒకే శిల్పి రెండు చోట్ల రెండు భాషలు మాట్లాడాడు. మైసూరులో కట్టింది భారతీయ మహారాజుకు. మద్రాసులో కట్టింది భారతీయులు నిత్యం వచ్చిపోయే న్యాయస్థానానికి. సిమ్లాలో కట్టింది వైస్రాయి కుటుంబానికి. ఊరిని విడిచి సముద్రాలు దాటి వచ్చిన పాలకుడికి అది సొంత ఊరి ఇల్లు అనిపించాలి. ఇక్కడే పుట్టిన ప్రజలకు అది పరాయి ఇల్లు అనిపించినా ఫర్వాలేదు. భవనం రూపం ఎవరి కోసం ఎంచుకున్నారో తెలిస్తే, అధికారం ఎవరి వైపు చూస్తోందో తెలుస్తుంది.

సౌకర్యాల విషయంలో ఈ ఇల్లు కాలం కంటే ముందుంది. ఆవిరి యంత్రంతో నడిచే జనరేటరు పెట్టి ఇంటికి విద్యుద్దీపాలు అమర్చారు. కొత్త దీపాలను మీట నొక్కి వెలిగించి, ఆర్పే సరదా గురించి లేడీ డఫెరిన్ తన దినచర్య పుస్తకంలో రాసుకుంది. సిమ్లా పట్టణానికి చాబా జలవిద్యుత్ కేంద్రం నుంచి కరెంటు రావడానికి ఆ తర్వాత సుమారు పాతికేళ్లు పట్టింది. కలప ఎక్కువగా ఉన్న ఇల్లు కనుక అగ్నిప్రమాదాలను ఎదుర్కొనే ఏర్పాటూ చేశారు. నీటి గొట్టాల మూతులను మైనంతో మూసేవారు. మంట వేడికి మైనం కరిగితే నీళ్లు చిమ్ముతాయి.

డబ్బు ఎవరిది?

ఈ భవనానికి సుమారు 38 లక్షల రూపాయలు ఖర్చయిందని చెబుతారు. ఈ రోజుల్లో 38 లక్షలంటే నగరంలో ఒక మామూలు ఫ్లాటుకైనా సరిపోకపోవచ్చు. అందుకే పాత లెక్కలను ఆనాటి కొలతతోనే చూడాలి.

1882లో ప్రభుత్వ ఆర్థిక అధికారులు బేరింగ్, బార్బర్ కలిసి ఒక అంచనా వేశారు. సగటు భారతీయుడి ఏడాది ఆదాయం 27 రూపాయలని తేల్చారు. అంతకుముందు దాదాభాయి నౌరోజీ వేసిన అంచనా ఇంకా తక్కువ, 20 రూపాయలు. ప్రభుత్వం చెప్పిన 27 రూపాయలనే తీసుకుందాం. 38 లక్షలను 27తో భాగిస్తే 1,40,000 దాటుతుంది. అంటే లక్షా నలభై వేల మంది భారతీయులు ఏడాది పొడవునా సంపాదించేదంతా ఒక వేసవి విడిదికి పెట్టినట్టు.

ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? ఆనాటి ప్రభుత్వ ఆదాయంలో అతి పెద్ద భాగం భూమిశిస్తు. అది పంజాబు రైతూ కట్టాడు, గోదావరి రైతూ కట్టాడు. ఇల్లు కడుతున్న ఏళ్లలోనే పన్నులు పెరిగాయి. 1886లో ఆదాయపు పన్ను చట్టం వచ్చింది. 1888 జనవరిలో ఉప్పు పన్నును మణుగుకు 2 రూపాయల నుంచి రెండున్నర రూపాయలకు పెంచారు. సరిహద్దు రక్షణ ఖర్చు, బర్మా యుద్ధం, రూపాయి మారకపు విలువ పడిపోవడం వంటివి ఈ పన్నులకు కారణాలు. సిమ్లా ఇంటి కోసమే పన్నులు వేశారని అనడం సరికాదు. అయితే ఉప్పు మీద అర్ధరూపాయి పెంచక తప్పదన్న ఖజానాకే, అదే ఏడాది కొండ మీద నాట్యశాలకు మెరుగులు దిద్దడానికి డబ్బు దొరికింది. ఉప్పు కొనని కుటుంబం ఉండదు. కాబట్టి ఈ ఇంటి రాయిలో మన తాతముత్తాతల వాటా కూడా ఉంది. దస్తావేజులో మాత్రం వాళ్ల పేరు లేదు.

ఎవరు కాపురమున్నారు?

1888 జులై 23న డఫెరిన్ దంపతులు కొత్త ఇంట్లోకి ప్రవేశించారు. అదే ఏడాది డిసెంబరులో డఫెరిన్ పదవీకాలం ముగిసి దేశం విడిచి వెళ్లాడు. "ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అని మన పెద్దలు అన్నారు. అంత ఇష్టపడి కట్టించిన ఇంట్లో ఆయన ఉన్నది కొన్ని నెలలు మాత్రమే. ఆ తర్వాత మౌంట్‌బాటన్ వరకు ప్రతి వైస్రాయీ ఇక్కడ వేసవి గడిపాడు. ఎవరికీ ఇది సొంత ఇల్లు కాదు. ఇది పదవికి చెందిన ఇల్లు. పదవి ఉన్నంత కాలమే తాళంచెవి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. 1947 తర్వాత ఇది ఎవరికీ వారసత్వంగా పోకుండా సూటిగా దేశానికి దక్కడానికి కారణం ఇదే.

1921 మే నెలలో గాంధీజీ వైస్రాయి లార్డ్ రీడింగ్‌తో మాట్లాడటానికి తొలిసారి సిమ్లా వచ్చాడు. ఆ తర్వాత తన పత్రికలో సిమ్లా పాలనను అయిదువందలో అంతస్తులో పెట్టిన దుకాణంతో పోల్చాడు. సరుకు కొనేవాళ్లంతా నేల మీద ఉంటే దుకాణం అంత ఎత్తున ఉండి ఏం లాభమని ఆయన వాదం. ప్రజలకు అందనంత ఎత్తున ఉండే ప్రభుత్వం ప్రజలది ఎలా అవుతుందన్నదే అక్కడి ప్రశ్న.

చివరి చర్చలు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసే వేళకు ఈ ఇల్లు దేశం మొత్తం కళ్లు పెట్టి చూసిన చోటు అయింది. 1945 జూన్‌లో క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుపాలైన కాంగ్రెసు నాయకులను విడుదల చేశారు. జూన్ 25న వైస్రాయి వేవెల్ ఇక్కడే సిమ్లా సమావేశాన్ని ప్రారంభించాడు. కాంగ్రెసు అధ్యక్షుడిగా మౌలానా అబుల్ కలాం ఆజాద్, ముస్లిం లీగు తరఫున మహమ్మద్ అలీ జిన్నా పాల్గొన్నారు. వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో ముస్లిం సభ్యులందరినీ ప్రతిపాదించే హక్కు తమ ఒక్కరిదేనని లీగు పట్టుబట్టింది. ఆజాద్ స్వయంగా ముస్లిం, కాంగ్రెసుకు అధ్యక్షుడు. ఆ షరతును కాంగ్రెసు ఒప్పుకోలేదు. జులై 14న సమావేశం విఫలమైందని వేవెల్ ప్రకటించాడు. 1946 మే నెలలో క్యాబినెట్ మిషన్ సిమ్లాలో జరిపిన చర్చలూ ఫలించలేదు.

1947 మే నెలలో మౌంట్‌బాటన్ ఇక్కడికి వచ్చాడు. నెహ్రూ ఆయన అతిథిగా ఇదే ఇంట్లో దిగాడు. అధికార బదిలీకి తయారైన పథకాన్ని మే 10 రాత్రి మౌంట్‌బాటన్ నెహ్రూకు చూపించాడు. ఆ పథకం ప్రకారం రాష్ట్రాలు విడివిడిగా తమ దారి తేల్చుకోవచ్చు. దేశం ఎన్ని ముక్కలవుతుందో చెప్పలేమని నెహ్రూ తీవ్రంగా అభ్యంతరం చెప్పాడు. మరునాడు వి.పి. మేనన్ కొన్ని గంటల్లో కొత్త ముసాయిదా రాశాడు. భారత్, పాకిస్తాన్ అనే రెండు రాజ్యాలు ఏర్పడతాయన్న ఆ రూపమే జూన్ 3 పథకానికి ఆధారమైంది. కోట్లాది మంది బతుకులు ఎటు పోతాయన్నది కొద్దిమంది మధ్య, కొద్ది గంటల్లో, ఒక కొండ ఇంట్లో రూపుదిద్దుకుంది. ఈ ఇంటి పాత ఎత్తు ఆఖరి రోజుల్లో కూడా తగ్గలేదు.

చేతులు మారిన ఇల్లు

స్వాతంత్ర్యం వచ్చింది. 1950లో రిపబ్లిక్ ఏర్పడ్డాక ఈ భవనం రాష్ట్రపతి నివాస్ అయింది. వేసవి రాజధాని పద్ధతి పోయింది కనుక, రాష్ట్రపతి వచ్చే కొద్ది రోజులు తప్ప ఇంత పెద్ద ఇంటికి పని లేకపోయింది. సిమ్లాలో మిగిలిన పాత భవనాల గతి ఒక్కో తీరుగా ఉంది. పీటర్‌హాఫ్ తూర్పు పంజాబు హైకోర్టుగా మారింది. గాంధీజీ హత్య కేసు అప్పీలును 1949లో అక్కడే విచారించారు. 1981లో ఆ పాత భవనం అగ్నికి ఆహుతైంది.

వైస్‌రీగల్ లాడ్జ్ గతి మరోలా ఉండటానికి కారణం డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన తెలుగు కుటుంబంలో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని తిరుత్తణిలో పుట్టారు. ఇంటిపేరుకు మూలమైన సర్వేపల్లి నెల్లూరు జిల్లాలో ఉంది. 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్షులుగా పనిచేశారు. 1962లో రాష్ట్రపతి అయ్యారు. ఆయన పుట్టిన తేదీ మీకు తెలుసు, ఉపాధ్యాయ దినోత్సవం: సెప్టెంబరు 5. సంవత్సరం 1888. డఫెరిన్ ఈ ఇంట్లో అడుగుపెట్టిన 44 రోజులకు, ఉప్పు పన్ను పెరిగిన అదే ఏడాది, ఈ ఇంటిని విద్యకు అప్పగించబోయే వ్యక్తి ఎంతో దూరాన ఒక సామాన్య కుటుంబంలో పుట్టారు.

భారతీయ ఉన్నత అధ్యయన సంస్థ 1964 అక్టోబరు 6న సొసైటీగా నమోదైంది. 1965 అక్టోబరు 20న రాధాకృష్ణన్ దాన్ని ప్రారంభించారు. తొలి సంచాలకులు ప్రసిద్ధ చరిత్రకారుడు నీహార్‌రంజన్ రే. దేశం నలుమూలల నుంచి పండితులు వచ్చి, కొంతకాలం ఇక్కడే ఉండి, మానవీయ శాస్త్రాలలో, సామాజిక శాస్త్రాలలో పరిశోధన చేసుకోవడానికి ఈ సంస్థ ఏర్పడింది. నాట్యశాల గ్రంథాలయమైంది. విందు బల్లలు ఉన్న చోట పుస్తకాల బీరువాలు వచ్చాయి. రాష్ట్రపతి విడిదిగా సిమ్లా దగ్గర మశోబ్రాలోని రిట్రీట్ భవనం ఉపయోగపడుతోంది. భారత పురావస్తు శాఖ వైస్‌రీగల్ లాడ్జ్‌ను రక్షిత కట్టడంగా గుర్తించింది. సందర్శకులు టిక్కెట్టు కొనుక్కుని భవనంలో కొంత భాగం చూడవచ్చు. ఒకప్పుడు ఆహ్వానపత్రం లేనిదే అడుగుపెట్టలేని వాకిలి అది.

అలాగని ఆశయం నెరవేరిపోయిందని చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. పాత కలపకు చెద, పాత పైకప్పుకు మంచు, పాత తీగలకు మంట ఎప్పుడూ పొంచి ఉంటాయి. 331 ఎకరాలుగా చెప్పే మొదటి ఆవరణ ఇప్పుడు సుమారు 110 ఎకరాలకు తగ్గింది. జ్ఞానానికి ఇచ్చిన ఇల్లు నిజంగా ఎంతమందికి అందుతోంది? గాంధీజీ చెప్పిన అయిదువందలో అంతస్తు నుంచి అది ఎంత దిగింది? ఈ ప్రశ్నలను ప్రతి తరమూ అడుగుతూ ఉండాలి.

ముగింపు

ఇప్పుడు మన మొదటి ప్రశ్నకు వద్దాం. ఈ ఇల్లు ఎవరిది? నేల ఇచ్చిన కొండ గ్రామాలదా? నక్షా గీసిన ఇర్విన్‌దా? కట్టించిన డఫెరిన్‌దా? రాయి మోసిన కూలీలదా? పన్ను కట్టిన రైతులదా? ఇందులో చదువుకునే పరిశోధకులదా? దస్తావేజు ఒక్క పేరే చెబుతుంది. చరిత్ర ఈ పేర్లన్నీ కలిపి చెప్పాలి. దస్తావేజులో పేరు లేని వారికి న్యాయం జరగాలంటే, వారి డబ్బుతో, వారి చెమటతో లేచిన ఇల్లు వారి పిల్లల చదువుకు ఉపయోగపడాలి. రాధాకృష్ణన్ నిర్ణయంలో ఉన్న విలువ అదే.

మీ ఊళ్లో కూడా ఇలాంటి ఇల్లు ఒకటి తప్పకుండా ఉంటుంది. కలెక్టరు బంగళా కావచ్చు, పాత ట్రావెలర్స్ బంగళా కావచ్చు, జమీందారు దివాణం కావచ్చు. హైదరాబాదు విద్యార్థులకు బొల్లారంలోని రాష్ట్రపతి నిలయం దగ్గరలోనే ఉంది. 1860లో కట్టిన ఆ భవనం బ్రిటిష్ రెసిడెంటు విడిదిగా ఉండి, నిజాం నుంచి భారత ప్రభుత్వానికి వచ్చింది. అలాంటి ఒక ఇంటిని ఎంచుకుని ఈ అయిదు ప్రశ్నలు వేయండి.

1. ఆ నేల మొదట ఎవరిది? ఎలా చేతులు మారింది?
2. కట్టించింది ఎవరు? కట్టింది ఎవరు?
3. డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? ఆనాటి కూలితో, ధాన్యం ధరతో పోలిస్తే అది ఎంత?
4. రూపం ఎవరి అభిరుచిని చూపుతోంది?
5. ఇప్పుడు అది ఎవరికి ఉపయోగపడుతోంది?

మొదటి నాలుగు ప్రశ్నలకు జవాబులు రిజిస్ట్రేషన్ కాగితాల్లో, జిల్లా గెజిటీర్లలో, ఊరి పెద్దల జ్ఞాపకాల్లో దొరుకుతాయి. అయిదో ప్రశ్నకు జవాబు మాత్రం మీరు పెద్దయ్యాక మీ చేతుల్లో ఉంటుంది.